హార్మోన్ థెరపీలో రొమ్ముల నొప్పిని ఎలా తట్టుకోవాలి, ఎదుగుదలను ఎలా గమనించాలి?

ట్రాన్స్ మహిళలు ఈస్ట్రోజెన్ మొదలుపెట్టాక, సాధారణంగా 3 నుంచి 6 నెలల మధ్య, చనుమొన వెనకాల చిన్న గట్టి బిళ్ళలాంటిది చేతికి తగులుతుంది. కొందరికి ఇంకా ముందే తగలొచ్చు. నొక్కితే నొప్పి, చొక్కా రాసుకున్నా చురుక్కుమంటుంది. ఇదేం గడ్డరా బాబూ అని చాలామందికి టెన్షన్ పట్టుకునేది ఇక్కడే. ఈడొచ్చే ఆడపిల్లలకు రొమ్ములు ఎదగడం ఎలా మొదలవుతుందో ఇదీ అలాగే మొదలవుతుంది. ఒకవైపు ముందు, రెండోవైపు వెనక రావడం కూడా మామూలే.

1. ముందు రాపిడి తగ్గించండి. సగం బాధ దానివల్లే. మెత్తటి కాటన్ బట్ట ఒంటికి తగిలేలా వేసుకుని, దానిపైన ఏదైనా వేసుకోండి. నడిచేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు సలుపు ఎక్కువైతే వైర్ లేని బ్రా గానీ, మరీ బిగుతుగా లేని స్పోర్ట్స్ బ్రా గానీ వాడండి. రొమ్ములు ఇంకా చిన్నవే కదా, బ్రా ఎందుకని ఆగక్కర్లేదు. బోర్లా పడుకునే అలవాటుంటే పక్కకు తిరిగి, ఛాతీకి ఆనేలా మెత్తటి దిండు పెట్టుకోండి.

2. సలుపు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు ఐస్‌ను గుడ్డలో చుట్టి పది నిమిషాలు ఉంచండి. నేరుగా చర్మం మీద పెట్టకండి. పారాసిటమాల్ వేసుకోవచ్చు, ప్యాకెట్ మీదున్న మోతాదు దాటొద్దు. స్పైరోనోలాక్టోన్ (మగ హార్మోన్‌ను అడ్డుకునే మాత్ర) వాడేవాళ్ళు ఐబుప్రోఫెన్ వేసుకునే ముందు డాక్టర్‌ని అడగాలి. రెండూ కలిస్తే కిడ్నీల మీద భారం పడి, రక్తంలో పొటాషియం పెరగొచ్చు.

3. నొప్పిని కొలబద్దగా పెట్టుకోకండి. నొప్పి తగ్గిందంటే ఎదుగుదల ఆగిపోయిందని భయపడి మాత్రలు పెంచేసుకునేవాళ్ళున్నారు. ఇది చాలా ప్రమాదం. నొప్పి వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. నొప్పే లేకుండా ఎదిగేవాళ్ళూ ఉన్నారు. ఎక్కువ ఈస్ట్రోజెన్ వేసుకుంటే రొమ్ములు ఎక్కువ పెరుగుతాయన్న రుజువేమీ లేదు. రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రం పెరుగుతుంది, సిగరెట్లు తాగేవాళ్ళకు మరీను.

4. కొలవాలనిపిస్తే నెలకోసారి కొలవండి, రోజూ అద్దం ముందు నిలబడితే మనసు పాడవడం తప్ప ఒరిగేదేం లేదు. నిటారుగా నిలబడి, చనుమొనల మీదుగా ఒకసారి, రొమ్ముల కింద ఒకసారి టేపు చుట్టండి. ఈ రెండింటి తేడాను తేదీతో రాసి పెట్టుకోండి. 2018లో అచ్చయిన ఒక యూరప్ అధ్యయనంలో మొదటి ఏడాది చివరికి ఈ తేడా సగటున 8 సెంటీమీటర్లలోపే ఉంది. అందులో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లోనే వచ్చింది. కాబట్టి ఏడాదిలో పెద్ద సైజు రాలేదని కంగారుపడకండి. పూర్తి ఎదుగుదలకు 2 నుంచి 5 ఏళ్ళు పట్టొచ్చు. అప్పటికీ చిన్నవిగానే ఉండిపోతే సర్జరీ ఉంది, దానికైనా కనీసం ఏడాది హార్మోన్లు వాడాక వెళ్ళమంటారు. వచ్చిన ఎదుగుదల హార్మోన్లు మానేసినా చాలావరకు అలాగే ఉండిపోతుంది. ఇది మొదలుపెట్టకముందే తెలుసుకోవాల్సిన విషయం.

5. ఈ లక్షణాలుంటే డాక్టర్‌ని కలవండి: కదలని గట్టి గడ్డ, చనుమొనకు దూరంగా తగిలే గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన నుంచి రక్తం గానీ పాల లాంటి స్రావం గానీ రావడం, జ్వరంతో పాటు ఎర్రగా వాచడం. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే ఆ రోజే చూపించుకోండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పొడిచినట్టు నొప్పి వస్తే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. అది రొమ్ము నొప్పి కాదు, ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిన రక్తం కావచ్చు.

50 ఏళ్ళు దాటి, హార్మోన్లు మొదలై కనీసం అయిదేళ్ళు అయినవాళ్ళు మామోగ్రామ్ (క్యాన్సర్ కోసం రొమ్ములకు తీసే ఎక్స్‌రే) గురించి కూడా డాక్టర్‌తో మాట్లాడాలి.