విజువల్ కే వినడం నేర్చుకుందాం – 3వ పాఠం: వేషం మారినప్పుడు పాటలో ఏం మారింది?

విజువల్ కే అంటే పాటతో పాటు మేకప్, వేషం కూడా అంతే ముఖ్యమనుకునే జపాన్ రాక్ బ్యాండ్ల ధోరణి. ముందు పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం సంగతి చూద్దాం. ఎక్స్ జపాన్ బ్యాండ్ 1989లో తెచ్చిన 'బ్లూ బ్లడ్' ఆల్బమ్‌లోని 'కురెనాయ్' పాట వింటూ, వేగం ఎక్కడెక్కడ మారుతోందో కాగితం మీద రాసుకోమన్నాను. మీరు రాసుకున్నదాంట్లో మూడు చోట్లు ఉంటే సరిపోతుంది. మొదటిది, గిటార్ తీగలను ఒక్కొక్కటిగా మీటుతూ నెమ్మదిగా సాగే ఆరంభం. గాయకుడు తోషి అక్కడ ఇంగ్లిష్‌లో పాడతాడు. రెండోది, డ్రమ్మర్ యోషికి రెండు కాళ్ళతో బేస్ డ్రమ్ వాయిస్తూ ఒక్కసారిగా పరుగందుకునే చోటు. మూడోది, హిదే, పాతాల గిటార్లు ఒకే వరుసను వేర్వేరు స్థాయిల్లో జంటగా పలికే చోటు. నాలుగోది కూడా పట్టుకున్నవాళ్ళుంటే వాళ్ళ చెవి బాగా తయారవుతోందన్నమాట.

అప్పట్లో ఆ బ్యాండ్ పేరు ఎక్స్ మాత్రమే, 'జపాన్' చేరింది 1992లో. 'బ్లూ బ్లడ్' అట్ట మీద 'సైకెడెలిక్ వయొలెన్స్ క్రైమ్ ఆఫ్ విజువల్ షాక్' అనే నినాదం ఉంటుంది. విజువల్ కే అన్న పేరు పుట్టుకను ఎక్కువమంది ఆ నినాదం దగ్గరే మొదలుపెడతారు. 1990లో మొదలైన 'షాక్స్' పత్రిక ఆ పేరును ఊరూరా తిప్పింది. చరిత్ర ఇవాళ్టికి ఇంత చాలు.

ఇవాళ నేర్చుకోబోయే పని వేరు. ఒక బ్యాండ్ వేషం మార్చినప్పుడు దాని సంగీతంలో ఏం మారిందో పట్టుకోవడం. విజువల్ కే అర్థం కావాలంటే ఇదే అసలైన మెళకువ అని నా నమ్మకం.

ఎందుకో చెబుతాను. మనలో చాలామందికి ఈ బ్యాండ్లు యానిమే (జపాన్ యానిమేషన్) దారిలోనే పరిచయమై ఉంటాయి. 'డెత్ నోట్' మొదటి ఓపెనింగ్ పాట పాడిన నైట్‌మేర్, 'బ్లాక్ బట్లర్'కు ఓపెనింగ్ ఇచ్చిన సిడ్, దాని రెండో సీజన్‌కు 'షివర్' ఇచ్చిన ద గెజెట్. పాట నచ్చి, బ్యాండ్ పేరు వెతికి, ఇలాంటివే ఇంకొన్ని విందామని బయల్దేరితే తికమక మొదలవుతుంది. షాజ్నా పాటలు తియ్యటి పాప్. లూనా సీలో గాలి తేలినట్టుండే గిటార్ల వెనక పదునైన రాక్ ఉంటుంది. డిర్ ఆన్ గ్రేలో గొంతు చించుకునే అరుపులు. ఆన్ కెఫే రంగురంగుల బట్టల్లో గెంతుతుంది. వీటన్నిటినీ ఒకే పేరుతో ఎలా పిలుస్తారు?

సంగీతం ఒక్కదాన్నే పట్టుకుని వెతికితే జవాబు దొరకదు. ఈ బ్యాండ్లను కలిపేది పని చేసే పద్ధతి. పాట, బట్టలు, మేకప్, వేదిక మీద కదలిక, ఆల్బమ్ అట్ట మీది అక్షరాలు, ఆఖరికి ఇంటర్వ్యూలో మాట్లాడే తీరు, అన్నీ కలిసి ఒక లోకాన్ని కట్టాలి. అభిమానులు దాన్ని 'సెకైకన్' అంటారు. కొత్త సింగిల్ (ఆల్బమ్‌గా కాక విడిగా విడుదలయ్యే పాట) వచ్చిందంటే కొత్త బట్టలు, కొత్త ఫొటోలు కూడా వస్తాయి. అందుకే ఒక బ్యాండ్‌ను ఏదో ఒక్క పాటతో తూచకూడదు. కనీసం రెండు మూడు దశలు పక్కపక్కన పెట్టి చూడాలి.

పద్ధతి ఇది. ఒక కచేరీ వీడియో తీసుకుని మొదటిసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు కదులుతున్నారు, ఎవరు కదలకుండా ఉన్నారు, బట్టలు ఏ కాలానివిగా కనిపిస్తున్నాయి, ఇవన్నీ రాసుకోండి. "ఇందులో వినబడబోయే పాట ఇలా ఉంటుంది" అని ఒక వాక్యంలో ఊహ కూడా రాయండి. ఆ తర్వాత ఫోన్ బోర్లా పెట్టి శబ్దం మాత్రమే వినండి. మీ ఊహ ఎక్కడ నిజమైందో, ఎక్కడ తప్పిందో గుర్తు పెట్టుకోండి. మూడోసారి రెండూ కలిపి చూడండి. ఊహ తప్పిన చోట్లే ఎక్కువ నేర్పిస్తాయి కాబట్టి వాటిని కొట్టేయొద్దు.

ఈ పద్ధతిని ఇప్పుడు మాలిస్ మిజెర్ మీద ప్రయోగిద్దాం. ఈ పాఠానికి ఇంతకన్నా మంచి బ్యాండ్ నాకు కనిపించలేదు. 1992లో మానా, కోజీ అనే ఇద్దరు గిటారిస్టులు దీన్ని మొదలుపెట్టారు. 2001 చివర ఆపేశారు. ఆ మధ్యలో ముగ్గురు గాయకులు మారారు, మూడుసార్లు లోకమే మారిపోయింది.

మొదటి దశకు గాయకుడు తెత్సు, ఆల్బమ్ 1994 నాటి 'మెమ్వార్'. ఇది వినేటప్పుడు గొంతును కాసేపు పక్కన పెట్టి గిటార్లను పట్టుకోండి. మామూలు రాక్‌లో ఒక గిటార్ కార్డ్స్ (ఒకేసారి పలికే కొన్ని స్వరాలు) వాయిస్తుంటే ఇంకోటి దాని మీద రాగం అల్లుతుంది. ఇక్కడ రెండు గిటార్లూ రెండు వేర్వేరు రాగాలు పలుకుతూ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. ఐరోపా శాస్త్రీయ సంగీతంలో, ముఖ్యంగా బరోక్ కాలంలో వాడిన కౌంటర్‌పాయింట్ పద్ధతి ఇది. ఎడమ చెవిలో ఒకటి, కుడి చెవిలో ఒకటి పట్టుకోవడానికి ప్రయత్నించండి, హెడ్‌ఫోన్స్ ఉంటే మంచిది. ఈ దశలో వేషం చీకటిగా, గోథిక్‌గా ఉంటుంది. అంటే చెవి అప్పటికే పాత ఐరోపాలోకి వెళ్ళిపోయింది, బట్టలు ఇంకా పూర్తిగా వెళ్ళలేదు.

రెండో దశ 1995లో గాక్ట్ రాకతో మొదలవుతుంది. 1998 మార్చిలో వచ్చిన 'మెర్వేయ్' దీనికి శిఖరం. అదే ఏడాది యొకొహామా అరేనాలో చేసిన కచేరీ వీడియోను శబ్దం లేకుండా చూడండి. అది రాక్ కచేరీ అని ఎవరూ అనుకోరు, నాటకం అనుకుంటారు. మానా నీలం లిప్‌స్టిక్‌తో, గౌనులో, దొరసాని వేషంలో ఉంటాడు. కోజీ విదూషకుడి తరహా. కొన్ని చోట్ల గిటారిస్టులు గిటార్లు పక్కన పెట్టి నాట్యం చేస్తారు, మూకాభినయం చేస్తారు. ఇక ఫోన్ బోర్లా పెట్టి 'గెక్కా నో యసోక్యోకు' వినండి. హార్ప్సికార్డ్‌ను (పియానో లాంటి పాత ఐరోపా వాయిద్యం) పోలిన మెరుపులు, వాటి మీద గాక్ట్ బరువైన, కంపించే గొంతు. ఈ కాలంలో మానా, కోజీ గిటార్ సింథసైజర్లు వాడేవారు కాబట్టి గిటార్ పలికించేది గిటార్ శబ్దమే కానక్కర్లేదు. దీన్ని గుర్తించడం ఈ పాఠంలో కష్టమైన మెట్టు. వేదిక మీది మనిషి తన రూపం దాచి ఇంకొకరైనట్టే, వాయిద్యం కూడా తన గొంతు దాచి ఇంకో వాయిద్యమవుతుంది. వేషానికీ శబ్దానికీ మధ్య ఉన్న ముడి ఇక్కడ మీ చేతికి చిక్కుతుంది. మొదటి దశలో చెవికి మాత్రమే అందిన పాత ఐరోపా ఇప్పుడు కంటికి కూడా కనిపిస్తోంది.

ఇంకో విషయం. మానా బహిరంగంగా మాట్లాడేవాడు కాదు. టీవీ కార్యక్రమాల్లో పక్కవాళ్ళ చెవిలో చెబితే వాళ్ళు పలికేవారు. ఆ మౌనం కూడా సంగీత రచనలో భాగమేనని నేను అంటాను. గొంతు వినబడితే ఆ దొరసాని మాయమైపోతుంది.

మూడో దశ దుఃఖంలోంచి వచ్చింది. 1999 జనవరిలో గాక్ట్ వెళ్ళిపోయాడు. ఆ జూన్‌లో డ్రమ్మర్ కామి మెదడులో రక్తస్రావంతో చనిపోయాడు. బ్యాండ్ అతని స్థానంలో ఇంకో సభ్యుణ్ణి తీసుకోలేదు. 'శాశ్వత రక్తబంధువు' అని అతని పేరును ఉంచింది. 2000 ఆగస్టులో కొత్త గాయకుడు క్లాహా గొంతుతో 'బారా నో సేదో' వచ్చింది. ఈసారి చర్చిల్లో వాయించే పైప్ ఆర్గన్, బృందగానం, ఒపెరా గాయకుడిలా సాగదీసి పాడే గొంతు. బట్టలన్నీ నలుపు. ఆ వేసవి చివర టోక్యోలోని నిప్పోన్ బుడోకాన్ హాల్లో వేదిక మీద ఏకంగా చర్చి కట్టారు. 'మెర్వేయ్' విన్న వెంటనే ఇది వినండి. డ్రమ్స్ ఎలా వెనక్కి తగ్గి ఆర్గన్‌కు చోటిచ్చాయో గమనించండి. ఈ ఆల్బమ్ బరువుగా ఉందని, పాటలు గుర్తుండవని కొందరంటారు. నాకు మాత్రం మూడింటిలో ఇదే ఎక్కువ నిజాయితీగా అనిపిస్తుంది. పోయిన మనిషి కోసం బ్యాండ్ మొత్తం నలుపు వేసుకుంది, శబ్దం కూడా వేసుకుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "మేకప్ వెనక బలహీనమైన సంగీతం దాక్కుంటుంది" అనే వాదన జపాన్‌లోనూ ఉంది, బయటా ఉంది. పైన చెప్పిన మూడు ఆల్బమ్‌లు వరుసగా విన్నవాళ్ళు ఆ మాట అనలేరు. వేషం వేయడం, ఇంకొకరిగా మారడం జపాన్‌లో ఎప్పటినుంచో ఉన్న కళ. కబుకి అనే సంప్రదాయ నాటకంలో స్త్రీ పాత్రలు వేసే పురుష నటులను ఒన్నగాత అంటారు, శతాబ్దాల పరంపర అది. తకరజుకా అనే సంగీత నాటక బృందంలో అందరూ స్త్రీలే, పురుష పాత్రలూ వాళ్ళవే. వాళ్ళ మొదటి ప్రదర్శన 1914లో జరిగింది. దానికి తోడు 1970లలో డేవిడ్ బోవీ, కిస్ లాంటి పాశ్చాత్య రాక్ కళాకారుల ప్రభావం. బోవీ వేసుకున్న ఆ విచిత్రమైన దుస్తుల్లో కొన్నింటిని రూపొందించింది కన్సాయ్ యమమొతో అనే జపాన్ డిజైనరే, అంటే రాకపోకలు రెండు వైపులా జరిగాయి.

శబ్దం లేకుండా చూడటం ఒక పొర, బొమ్మ లేకుండా వినడం రెండో పొర. ఇప్పుడు మూడో పొర. కచేరీ వీడియోను ఒకసారి వేదికను వదిలేసి ప్రేక్షకులను మాత్రమే చూస్తూ నడిపించండి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దీన్ని దాటేస్తారు, కానీ పాట నిర్మాణాన్ని ప్రేక్షకులే మీకు విప్పి చూపిస్తారు. బరువైన రిఫ్ (పదేపదే తిరిగొచ్చే గిటార్ వరుస) వచ్చినప్పుడు నడుము దాకా వంగి తల ఊపుతారు, దాన్ని హెదొబాన్ అంటారు. రాగం తెరుచుకునే చోట రెండు చేతులూ వేదిక వైపు పువ్వులా చాస్తారు, అది సకి. అక్కడివాళ్ళు సబి అని పిలిచే భాగంలో, అంటే మన పల్లవిలాంటి చోట, ఇది ఎక్కువగా కనిపిస్తుంది. వెనకనున్నవాళ్ళు వేదిక వైపు, ముందు వరుసలవాళ్ళ మీదికి ఒరిగిపోవడం గ్యకుదాయ్. వేదిక మీంచి ప్రేక్షకుల మీదికి దూకే మామూలు స్టేజ్ డైవింగ్‌కు ఇది తిరగబడ్డ రూపం. చేతిని విసనకర్రలా తిప్పే కదలిక కూడా ఒకటుంది. పాటకో కదలిక, దాన్ని ఫురి అంటారు. కొన్నిసార్లు గాయకుడే చేసి చూపిస్తాడు, చాలాసార్లు పాత అభిమానులను చూసి కొత్తవాళ్ళు నేర్చుకుంటారు. ఎక్స్ కచేరీల్లో చేతులను ఎక్స్ అక్షరంలా పెట్టి వేలమంది ఒకేసారి ఎగిరేవారు కదా, ఈ అలవాటుకు పెద్ద నమూనా అదే. ప్రేక్షకుల కదలిక మారిన ప్రతిసారీ టైమ్ రాసుకోండి. పాట ఎన్ని భాగాలుగా ఉందో మీ కాగితం మీద దానంతటదే తేలుతుంది.

తిరగేసిన ఉదాహరణ ఒకటి క్లుప్తంగా. డిర్ ఆన్ గ్రే 1997లో మొదలైంది. 1999 జనవరిలో ఒకే రోజు మూడు సింగిల్స్ విడుదల చేసింది, వాటిని నిర్మించింది ఎక్స్ జపాన్ యోషికినే. అప్పుడు నిండా వేషం. 2003లో 'వల్గర్', 2005లో 'విదరింగ్ టు డెత్' వచ్చేసరికి అలంకరణ చాలా తగ్గిపోయి, సంగీతం ఇంకా కరుకుగా మారింది. వేషం తీసేస్తే విజువల్ కే నుంచి బయటకు వెళ్ళినట్టేనా అని అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. నా మటుకు వెళ్ళలేదనే అంటాను. గాయకుడు క్యో వేదిక మీద తన ఒంటితోనూ గొంతుతోనూ చేసే పని చూడండి, వేషం చేసే పనంతా ఇప్పుడు అవి చేస్తున్నాయి. మీరు నాతో ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే ఏ పాటలో, ఎన్నో నిమిషంలో అలా అనిపించిందో రాసి పెట్టుకోండి.

అభ్యాసం. లూనా సీ బ్యాండ్‌ను తీసుకోండి. ఎక్స్టసీ రికార్డ్స్ అనే సంస్థ ద్వారా 1991లో వచ్చిన మొదటి ఆల్బమ్ నుంచి ఒక పాట, 1994 నాటి 'రోజియర్', 2010లో మళ్ళీ కలిశాక చేసిన కచేరీ నుంచి ఒక పాట. మూడింటికీ పైన చెప్పిన మూడు పొరలూ వాడండి. శబ్దం లేకుండా, బొమ్మ లేకుండా, ప్రేక్షకులను మాత్రమే చూస్తూ. ఒక్కో పాటకు అర పేజీ చాలు. ఆ బ్యాండ్ గిటారిస్టు సుగిజో గిటార్ వదిలి వయొలిన్ పట్టుకున్న వీడియో ఏదైనా దొరికితే దాన్ని నాలుగోదిగా చేర్చండి, ఆ వాయిద్యం మారినప్పుడు వేదిక మీద అతని నడక ఎలా ఉందో ప్రత్యేకంగా రాయండి.

నాలుగో పాఠంలో టోక్యోలో లైవ్ హౌస్ లోపలికి వెళ్దాం. అలాంటి చిన్న హాళ్ళలో నాలుగైదు బ్యాండ్లు ఒకే రోజు ఎలా ఆడతాయి, గుమ్మం దగ్గర "ఏ బ్యాండ్ కోసం వచ్చారు?" అని ఎందుకు అడుగుతారు, అమ్ముడుపోని టికెట్ల డబ్బు బ్యాండ్ తన జేబులోంచి ఎందుకు కట్టాలి, చెకి అని పిలిచే చిన్న ఇన్‌స్టంట్ ఫొటోల మీద ఆ బ్యాండ్లు ఎలా బతుకుతాయి అన్నది అక్కడ మాట్లాడుకుందాం. లూనా సీ కాగితాలు దగ్గరుంచుకోండి, వాటితోనే మొదలుపెడతాం.