పిల్లవాడు చదవలేకపోతున్నాడా, చదవడం లేదా? ఇంట్లో తేల్చుకోవడం ఎలా?

ముందుగా కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించండి. మూడు నెలల నోటుపుస్తకాలు, పెన్సిలు, గీతల్లేని తెల్లకాగితం, పిల్లవాడు ఎన్నడూ చూడని కథల పుస్తకం సిద్ధం చేసుకోండి. ఇంట్లో చదివించి చూసే పరీక్ష ఉదయం పూటే పెట్టాలి. ట్యూషన్ నుంచి అలసి వచ్చాక చేసిన తప్పులను నేను లెక్కలోకి తీసుకోను.

అసలు చిక్కంతా చదివించి చూడడంలోనే ఉంది. చాలామంది తల్లిదండ్రులు తెలుగు వాచకం తెరిచి చదవమంటారు. వాడు పాఠమంతా గడగడా అప్పజెబుతాడు. వెంటనే "అన్నీ వచ్చు, ఒట్టి బద్ధకం" అని తీర్మానిస్తారు. అది చదవడం కాదు, కంఠస్థం. పేరా మధ్యలో ఒక పదాన్ని వేలితో చూపించి అదొక్కటే చదవమంటే గుట్టు బయటపడుతుంది. కాబట్టి కొత్త పుస్తకాన్నే, అదీ బొమ్మలు మూసి, చదివించాలి. ఆ తరువాత "టిమోకు", "గెళ్ళపు", "రస్తిమ" వంటి అర్థంలేని పదాలను రాసి చదివించాలి, తెల్లకాగితం మీద వాడిచేత రాయించాలి. జ్ఞాపకశక్తి, ఊహ సాయానికి రాని చోటనే అక్షరాన్ని ధ్వనిగా మార్చుకునే శక్తి ఎంతుందో తెలుస్తుంది, డిస్లెక్సియాలో, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే వైకల్యంలో, సాధారణంగా దెబ్బతినేది ఆ శక్తే.

ఒత్తు వదిలేయడం, "కి"కి బదులు "కీ" అనడం, ప, వ, ష తారుమారు కావడం ఒకటో తరగతిలో మామూలే. మూడో తరగతి దాటినా అవే తప్పులు వస్తూ, ప్రతి పదాన్నీ కూడబలుక్కుంటూ ఉంటేనే అనుమానించాలి. అక్షరాలను తిరగేసి రాయడమే డిస్లెక్సియాకు గుర్తు అనే ప్రచారం వల్ల ఎందరో పిల్లలు గుర్తింపునకు నోచుకోలేదు.

తెలుగు, ఇంగ్లీషు రెండు భాషల్లోనూ చదివించకుండా నిర్ణయానికి రావద్దు. ఇంట్లో ఇంగ్లీషు వినపడని పిల్లవాడు ఆ భాషలో మాత్రమే తడబడితే అది బోధనలోని లోపం కావచ్చు. అయితే ఇంగ్లీషు స్పెల్లింగు ఉచ్చారణకు కట్టుబడి ఉండదు కనుక, నిజమైన వైకల్యం కూడా ముందుగా అక్కడే కనిపించవచ్చు. ఆరు నెలలపాటు రోజూ అరగంట ధ్వనుల నుంచి మొదలుపెట్టి నేర్పించినా మార్పు రాకపోతే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి.

2016 వికలాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియాను వైకల్యంగా గుర్తించింది. వైకల్య ధ్రువపత్రం ఉన్నవారికి పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మీరు రాయించిన కాగితాలను తప్పులు దిద్దకుండా వెంట తీసుకెళ్ళండి. ముందురోజు వాడిచేత సాధన మాత్రం చేయించవద్దు. అలా తయారుచేసి తీసుకొచ్చిన తల్లిదండ్రులను చూశాను, వారికి వచ్చిన నివేదిక ఎందుకూ కొరగాలేదు.