నాయకుల వివాదాస్పద మాటను వార్తగా రాసే ముందు

మా డెస్క్‌లో కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట చదివించేది మార్గరెట్ థాచర్ ఇంటర్వ్యూ. 'సమాజం అనేదే లేదు' అన్నందుకు ఆ బ్రిటన్ మాజీ ప్రధానిని, కన్జర్వేటివ్ పార్టీ నాయకురాలిని తిట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ముందు ఆ మాట ఎక్కడ పుట్టిందో పట్టుకోండి. ఇది సభలో చేసిన ప్రసంగం కాదు. 1987 సెప్టెంబరులో 'ఉమెన్స్ ఓన్' అనే మహిళల పత్రికతో అన్నది. ఆమె పేరిట ఉన్న ఫౌండేషన్ వెబ్‌సైట్‌లో పూర్తి పాఠం దొరుకుతుంది.

తర్వాత ఆ వాక్యానికి ముందూ వెనకా చదవండి. ఇల్లు లేకపోతే ప్రభుత్వమే ఇవ్వాలంటూ జనం తమ కష్టాలను సమాజం మీదకు నెడుతున్నారని ముందు ఆమె ఫిర్యాదు. ఉన్నది వ్యక్తులు, కుటుంబాలేనని, మన సంగతి మనం చూసుకుని పొరుగువారికీ సాయపడాలని ఆ తర్వాతి మాట. ఈ రెండో సగం కత్తిరించి హెడ్డింగ్ పెడితే అన్యాయమే.

అలాగని వెనకేసుకు రావద్దు. బ్రిటన్‌లో నిరుద్యోగులు 30 లక్షలు దాటిన దశాబ్దం అది. మొత్తం చదివాక కూడా ఆ మాట నాకు కటువుగానే తోస్తుంది. ఆ కోపం విశ్లేషణలో రాయండి, వార్తలో కలపకండి.

వివరణ ఇచ్చారేమో కూడా వెతకండి. 1988 జూలైలో ఆమె కార్యాలయం సండే టైమ్స్‌కు ఇచ్చింది. దానికీ వార్తలో చోటివ్వాలి.