ఇజ్రాయెల్ పార్లమెంటు వార్తను ఎలా చదవాలి: యూదు రాజ్యం, పాలస్తీనియన్ల హక్కులు, మధ్యలో ఓట్ల లెక్క

"యూదు రాజ్యం", "పాలస్తీనియన్ల హక్కులు" ఒకే శీర్షికలో కనిపించాయంటే ఆ వార్త కింద కనీసం మూడు తగాదాలు దాగి ఉంటాయి. దేశం ఎవరిది? దాని హద్దు ఎక్కడ? ఆ హద్దు లోపల యూదులు కానివాళ్లకు ఏం దక్కాలి? వార్తల్లో ఇవి మూడూ కలగాపులగమై "వామపక్షం ఇలా అంది, మితవాదులు అలా అన్నారు" అనే ఒక్క ముక్కగా మిగులుతాయి. వాటిని విడదీసి చదివే పద్ధతి ఇది. వరస తప్పకండి. మొదటి రెండు మెట్లు దాటేసి నేరుగా ఓట్ల లెక్క మీద పడితే తప్పుడు అర్థమే చేతికొస్తుంది.

1. ఎవరి గురించో ముందు తేల్చుకోండి

పాలస్తీనియన్ అన్న ఒక్క పేరు కింద చట్టం దృష్టిలో నాలుగు రకాల మనుషులున్నారు.

ఒకటి, ఇజ్రాయెల్ పౌరులైన అరబ్బులు. 1948 తర్వాత ఆ హద్దుల్లోనే ఉండిపోయినవాళ్లు, వాళ్ల సంతానం. వీళ్లకు ఓటుంది, పార్టీలున్నాయి, పార్లమెంటు అయిన నెస్సెట్‌లో సభ్యులున్నారు. తమను తాము ఏమని పిలుచుకుంటారన్నది మనిషిని బట్టి మారుతుంది. "ఇజ్రాయెల్‌లోని పాలస్తీనియన్ పౌరుడు" అనేవాళ్లున్నారు, "అరబ్ ఇజ్రాయెలీ" అనేవాళ్లున్నారు. అరబిక్ మాట్లాడే చిన్న మత సమాజమైన ద్రూజ్‌ల లెక్క మళ్లీ వేరు. ఆ మగవాళ్లకు 1956 నుంచి సైన్యంలో తప్పనిసరి సేవ ఉంది.

రెండు, తూర్పు జెరూసలేం వాసులు. 1967 యుద్ధం తర్వాత ఇజ్రాయెల్ తన చట్టాన్ని అక్కడ అమలు చేసింది, అక్కడి జనానికి పౌరసత్వం బదులు శాశ్వత నివాస హోదా ఇచ్చింది. నగర పాలక ఎన్నికల్లో ఓటు వేయవచ్చు, నెస్సెట్ ఎన్నికల్లో వేయలేరు. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాపురం వేరే చోటికి మారిందని అధికారులు తేలిస్తే ఉన్న నివాస హోదా కూడా పోవచ్చు.

మూడు, వెస్ట్ బ్యాంక్ పాలస్తీనియన్లు. 1990లలో ఇజ్రాయెల్, పాలస్తీనియన్ నాయకత్వం చేసుకున్న ఓస్లో ఒప్పందాల ప్రకారం ఆ ప్రాంతం ఏ, బి, సి అని మూడు ముక్కలు. దాదాపు 60 శాతం ఉన్న సి ప్రాంతం పూర్తిగా ఇజ్రాయెల్ అదుపులో ఉంది. అక్కడి పాలస్తీనియన్ల మీద సైనిక చట్టం నడుస్తుంది. పక్క కొండ మీది సెటిల్‌మెంట్‌లో, అంటే అక్కడ కట్టిన ఇజ్రాయెలీ ఆవాసంలో ఉన్న ఇజ్రాయెలీకి ఇజ్రాయెల్ పౌర చట్టం వర్తిస్తుంది, నెస్సెట్‌కు ఓటూ ఉంటుంది. నాలుగు, గాజా వాసులు.

వార్తలో "పాలస్తీనియన్ల హక్కులు" అని కనిపించగానే ఈ నలుగురిలో ఎవరో పక్కన రాసుకోండి. భూమి కేటాయింపు, అరబిక్ భాష, స్థానిక సంస్థల నిధులు మొదటివాళ్ల గొడవలు. చెక్‌పోస్టులు, సైనిక కోర్టులు, ఇళ్ల అనుమతులు మూడోవాళ్లవి. జనాభా అంకె దగ్గరే చాలామంది జారిపోతారు. "ఇజ్రాయెల్ జనాభాలో అరబ్బులు సుమారు 21 శాతం" అన్న లెక్కలో ఓటు లేని తూర్పు జెరూసలేం వాసులు కూడా ఉన్నారు. అందుకే అదే శాతాన్ని 120 సీట్లకు గుణించి "ఇన్ని సీట్లు రావాలి కదా" అంటే లెక్క తప్పుతుంది.

2. పార్టీని ఒక గీత మీద కాకుండా మూడు ప్రశ్నల మీద నిలబెట్టండి

మూడు గడులు గీయండి: రాజ్యం స్వభావం, హద్దు, సమాన హక్కులు. నాయకుడి మాటను ఏ గడికి చెందితే ఆ గడిలోనే వేయండి. ఒక గడిలో ఉన్నదాన్ని బట్టి పక్క గడిని ఊహించకండి.

ఎందుకంటే ఊహ తరచూ తలకిందులవుతుంది. మితవాద పార్టీ లికుడ్ నుంచి వచ్చి ఇజ్రాయెల్ రాష్ట్రపతి అయిన రూవెన్ రివ్లిన్ భూమిని పంచడానికి ఒప్పుకోని మనిషి. పంచడం కంటే పాలస్తీనియన్లకు ఇజ్రాయెల్ పౌరసత్వం ఇవ్వడమే మేలని 2010లో అన్నారు. మరో మితవాద పార్టీ నాయకుడు అవిగ్దోర్ లీబర్‌మన్ దానికి సరిగ్గా ఎదురు. విభజనకు సిద్ధమే, అయితే ఇజ్రాయెల్‌లోని ఉమ్ అల్ ఫహమ్ లాంటి అరబ్ పట్టణాలను పాలస్తీనా వైపుకు వదిలి సెటిల్‌మెంట్లను ఇటు తెచ్చుకోవాలని అనేవారు. విభజనకు ఒప్పుకున్నాడని ఆయన్ను ఉదారవాది అంటే ఆ ఊళ్లవాళ్లు నవ్విపోతారు. లికుడ్ నాయకుడు నెతన్యాహు 2009 జూన్‌లో బార్ ఇలాన్ విశ్వవిద్యాలయ ప్రసంగంలో సైన్యం లేని పాలస్తీనా రాజ్యానికి షరతుల మీద ఒప్పుకున్నారు. ఇజ్రాయెల్‌ను యూదుల రాజ్యంగా గుర్తించడం అందులో ఒక షరతు. తర్వాతి కాలంలో ఆయన పాలస్తీనా రాజ్యాన్ని గట్టిగా వ్యతిరేకించారు. కాబట్టి ఏ మాట ఏ సంవత్సరానిదో చూసుకోకుండా ఉటంకించకండి.

అరబ్ పార్టీలనూ ఒకే మూటగా కట్టడం కుదరదు. హదాష్ వామపక్ష మూలాలున్న అరబ్, యూదు ఉమ్మడి వేదిక, కోరేది రెండు రాజ్యాలు. బలద్ నినాదం "పౌరులందరి రాజ్యం", అంటే రాజ్య స్వభావాన్నే మార్చమనడం. ఇస్లామిక్ ఉద్యమం దక్షిణ శాఖ నుంచి వచ్చిన రాఅమ్ నాయకుడు మన్సూర్ అబ్బాస్ 2021 డిసెంబరులో, ఇజ్రాయెల్ యూదు రాజ్యంగా పుట్టింది, అలాగే ఉంటుంది అని చెప్పి నిధులు, ఇళ్లు, నేరాల అదుపు మీద బేరానికి కూర్చున్నారు. మొదటి గడిని పక్కన పెట్టి మూడో గడిలో పని చేసుకోవడం అది. తోటి అరబ్ నాయకుల నుంచి తిట్లు తిన్నదీ అందుకే.

3. అది ఎలాంటి కాగితం?

ఇజ్రాయెల్‌కు ఒకే పుస్తకంగా రాజ్యాంగం లేదు. ఉన్నవి ప్రాథమిక చట్టాలు. చాలావాటిని మామూలు మెజారిటీతోనే తేవచ్చు. సభ చేసే పనులను బరువును బట్టి ఇలా వేరు చేయండి: ఊరికే ప్రకటన (తీర్మానం), మామూలు చట్టం, ప్రాథమిక చట్టం.

2024 జులైలో పాలస్తీనా రాజ్య స్థాపనను వ్యతిరేకిస్తూ 68-9తో, 2025 జులైలో వెస్ట్ బ్యాంక్‌పై సార్వభౌమాధికారం కోరుతూ 71-13తో సభ చేసినవి తీర్మానాలు. గాలి ఎటు వీస్తోందో చెబుతాయి, ఎవరి హోదానూ మార్చవు. 2025 అక్టోబరులో 25-24తో గట్టెక్కిన, వెస్ట్ బ్యాంక్‌కు ఇజ్రాయెల్ చట్టాన్ని వర్తింపజేసే బిల్లు అయితే బిల్లే, కానీ అది ప్రాథమిక పరిశీలన ఓటు మాత్రమే. సభ్యుడు సొంతంగా పెట్టిన బిల్లుకు ఆ ఓటు తర్వాత కమిటీ, ఇంకా మూడు రీడింగులు (సభలో ఓటు జరిగే విడతలు) ఉంటాయి. ప్రభుత్వ బిల్లుకు ఆ మొదటి ఓటు అవసరం లేదు, మూడు రీడింగులే. "నెస్సెట్ ఆమోదించింది" అన్న మాట పక్కన ఏ రీడింగో లేకపోతే ఆ వార్తను ఇంకొకరికి పంపకండి.

ఇక 2018 జులై 19న 62-55తో, ఇద్దరు తటస్థంగా ఉండగా గట్టెక్కిన జాతి రాజ్య చట్టం. ఈ వాదనంతటికీ ఇరుసు అదే కాబట్టి దాని మీద కాస్త సమయం పెట్టండి, పాఠం కూడా పొట్టిదే. మొదటి సెక్షన్ ఇజ్రాయెల్ రాజ్యంలో జాతీయ స్వయం నిర్ణయ హక్కు యూదు ప్రజలకే ప్రత్యేకమంటుంది. నాలుగో సెక్షన్ హీబ్రూను రాజ్య భాష చేసి అరబిక్‌కు "ప్రత్యేక హోదా" ఇస్తుంది. అంతకుముందు ఆచరణలో ఉన్న స్థాయికి భంగం లేదన్న ఉపవాక్యం అక్కడే ఉంది, దాన్ని రెండు వైపులా మర్చిపోతుంటారు. ఏడో సెక్షన్ యూదు ఆవాసాలను జాతీయ విలువగా ప్రోత్సహించమంటుంది. పదకొండోది, దీన్ని మార్చాలంటే 61 మంది సభ్యులు ఒప్పుకున్న ఇంకో ప్రాథమిక చట్టమే కావాలంటుంది.

లేనివి కూడా చూడాలి. సమానత్వం అన్న మాట లేదు. హద్దులు ఎక్కడో లేదు. చట్టం పక్షాన ఉన్నవాళ్లు దీనికి చెప్పే జవాబు: వ్యక్తి హక్కులను 1992 నాటి మానవ గౌరవ ప్రాథమిక చట్టం చూసుకుంటుంది, ఇది జాతి గుర్తింపు గురించి, రెండూ కలిపి చదవాలి. ఎదుటివాళ్ల జవాబు: ఆ 1992 చట్టంలోనూ సమానత్వం అని రాసి లేదు, గౌరవం అన్న మాట నుంచి కోర్టు దాన్ని తీసింది. సూటిగా "సంపూర్ణ సమానత్వం" అన్నది 1948 స్వాతంత్ర్య ప్రకటన, దానికి చట్టం బలం లేదు. లికుడ్ సభ్యుడు బెన్నీ బెగిన్ తటస్థంగా నిలిచింది ఈ లోటు వల్లే. వాదనలో అసలు పట్టు ఇక్కడుంది. మిగతా అరుపులు చాలావరకు దీని చుట్టూ తిరిగేవే.

నిరసనలనూ ఇదే కొలతతో చూడండి. 2018 ఆగస్టు 4న టెల్ అవీవ్ రాబిన్ స్క్వేర్‌లో ద్రూజ్‌లు వేలాదిగా చేరారు, చాలామంది అడిగింది చట్టంలో సమానత్వాన్ని చేర్చమని. వారం తర్వాత అదే నగరంలో అరబ్ పౌరుల ప్రదర్శన జరిగింది, వాళ్లు అడిగింది రద్దు. రెండింటినీ "మైనారిటీల నిరసన" అని కలిపి రాస్తే కోరికల మధ్య తేడా మాయమవుతుంది.

4. ఓటును సిద్ధాంతంగా చదవకండి

అందరూ బోల్తా పడే చోటు ఇది. వెస్ట్ బ్యాంక్, గాజా వాసులను పెళ్లాడిన ఇజ్రాయెల్ పౌరుల కుటుంబాలు కలిసి ఉండకుండా అడ్డుకునే తాత్కాలిక చట్టం 2003 నుంచి ఏటేటా పొడిగింపు పొందుతూ వచ్చింది. 2021 జులైలో 59-59తో ఓడింది. వ్యతిరేకించిన వారిలో లికుడ్ ఉంది! ఆ చట్టాన్ని ఏళ్ల తరబడి పొడిగించింది లికుడ్ ప్రభుత్వాలే, కానీ అప్పుడు ప్రతిపక్షంలో ఉంది, రాఅమ్‌తో కలిసి నడుస్తున్న కొత్త సంకీర్ణాన్ని ఇరుకున పెట్టాలనుకుంది. 2022 మార్చిలో లికుడ్ మద్దతుతోనే 45-15తో అది తిరిగి వచ్చింది.

అదే ఏడాది జూన్ 6న ఇంకా విచిత్రం. సెటిలర్లకు ఇజ్రాయెల్ చట్టం వర్తింపజేసే అత్యవసర నిబంధనల పొడిగింపు బిల్లు 58-52తో ఓడిపోయింది. సెటిల్‌మెంట్లకు అండగా ఉండే ప్రతిపక్ష మితవాదులు వ్యతిరేకంగా ఓటేశారు. సెటిల్‌మెంట్లను తప్పుపట్టే వామపక్ష పార్టీ మెరెట్జ్‌లో ఎక్కువమంది ప్రభుత్వాన్ని నిలబెట్టడానికి అనుకూలంగా వేశారు. కొద్ది వారాల్లో సభ రద్దయింది, రద్దు కావడంతోనే ఆ నిబంధనలు కొత్త సభ మొదలైన మూడు నెలల దాకా వాటంతట అవే పొడిగాయి.

కాబట్టి ఓటు పట్టిక ముందుంటే మూడు అడగండి. ఆ రోజు ఎవరు ప్రభుత్వంలో ఉన్నారు? ఎంతమంది సభకే రాలేదు? ఇదే పార్టీ ఎదుటి బెంచీల్లో ఉన్నప్పుడు ఇదే విషయం మీద ఏం చేసింది?

5. గడప, అనర్హత, తాళం

సభలో 120 సీట్లు, మెజారిటీకి కావాల్సింది 61. 2014లో కనీస ఓట్ల గడపను, అంటే సీట్లు దక్కాలంటే పార్టీకి రావాల్సిన ఓట్ల శాతాన్ని, 2 నుంచి 3.25 శాతానికి పెంచారు. దాంతో నాలుగు అరబ్ పార్టీలు 2015లో ఒక్కటై 13 సీట్లు గెలిచాయి. 2022 నవంబరులో మూడు జాబితాలుగా విడిపోయి పోటీ చేశాయి. బలద్ 2.9 శాతం దగ్గర, మెరెట్జ్ 3.16 దగ్గర ఆగిపోయాయి. రెండు శిబిరాల ఓట్లు దాదాపు సమానంగా ఉన్నా నెతన్యాహు వైపు 64 సీట్లు రావడానికి ఇదొక పెద్ద కారణం. ఆ ఫలితాన్ని "ప్రజలు ఇలా తీర్పిచ్చారు" అని చదివేముందు గడప కింద పడ్డ ఓట్లు కలుపుకుని చూడండి.

నెస్సెట్ ప్రాథమిక చట్టంలోని 7ఏ సెక్షన్ మూడు కారణాల మీద పోటీని అడ్డుకోవచ్చంటుంది: యూదు, ప్రజాస్వామిక రాజ్యంగా ఇజ్రాయెల్ ఉనికిని కాదనడం, జాతి విద్వేషాన్ని రెచ్చగొట్టడం, ఇజ్రాయెల్‌పై సాయుధ పోరుకు మద్దతు. "బలద్‌పై నిషేధం" అన్న వార్త వస్తే కేంద్ర ఎన్నికల కమిటీ దగ్గర ఆగకండి. ఆ కమిటీలో కూర్చునేది ఎక్కువగా పార్టీల ప్రతినిధులే. 2019లో, 2022లో దాని నిషేధాలను సుప్రీంకోర్టు తిప్పికొట్టింది. అదే కోర్టు 2019లో తీవ్ర మితవాది మైఖేల్ బెన్ అరీని జాతి విద్వేషం కారణంగా పక్కన పెట్టింది.

తాళం సంగతి చాలా కథనాల్లో కనిపించదు. 2014 నాటి ప్రాథమిక చట్టం ప్రకారం ఇజ్రాయెల్ చట్టం అమల్లో ఉన్న భూమిని వదులుకోవాలంటే 80 మంది సభ్యులు ఒప్పుకోవాలి, లేదా 61 మందితో పాటు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. తూర్పు జెరూసలేం, 1967లో సిరియా నుంచి తీసుకున్న గోలన్ దీని కిందికి వస్తాయి, వెస్ట్ బ్యాంక్ రాదు. కనుక వెస్ట్ బ్యాంక్‌లో ఒక ముక్క మీద "సార్వభౌమాధికారం" పెడితే ఆ ముక్కకు ఈ తాళం కూడా పడుతుంది. బిల్లు అసలు బరువు అందులోనే ఉంది.

6. కోర్టు తీర్పును సగం చదవకండి

2021 జులైలో జాతి రాజ్య చట్టం మీద పిటిషన్లను కోర్టు 10-1తో కొట్టేసింది. విభేదించిన ఒక్కరు అరబ్ న్యాయమూర్తి జార్జ్ కర్రా. కానీ మెజారిటీ చట్టాన్ని నిలబెడుతూనే, మిగతా ప్రాథమిక చట్టాలకు పొసిగేలా చదవాలని షరతు పెట్టింది. ఫలితం ఒక వాక్యం, కారణం ఇంకో వాక్యం. రెండూ రాసుకోండి.

నేల మీద పనిచేసే చట్టాలు ఇంతకన్నా ముఖ్యం కావచ్చు. 2011 నాటి ప్రవేశ కమిటీల చట్టం దక్షిణాన నెగెవ్, ఉత్తరాన గలిలీ ప్రాంతాల్లో 400 ఇళ్ల లోపు ఊళ్లకు, కొత్తగా చేరేవాళ్లు "సామాజికంగా పొసగరు" అని తిరస్కరించే వీలిచ్చింది. కోర్టు 2014లో 5-4తో దాన్ని ముట్టలేదు. 2023 జులైలో ఆ హద్దు 700 ఇళ్లకు పెరిగింది. దీని గురించి ఊరేగింపులు తక్కువ. అరబ్ జంట ఇల్లు కొనుక్కోవడం మీద ప్రభావం మాత్రం ఎక్కువ.

7. సర్వే

ఇజ్రాయెల్ డెమోక్రసీ ఇన్‌స్టిట్యూట్ నెలవారీ సర్వేలో సాధారణంగా హీబ్రూలో 600 మందిని, అరబిక్‌లో 150 మందిని అడుగుతారు. 150 మంది మీద పొరపాటుకు ఆస్కారం అటూ ఇటూ 8 శాతం పాయింట్ల దాకా ఉంటుంది. కనుక "అరబ్బుల మద్దతు గత నెలకంటే 5 పాయింట్లు పడింది" అన్నది వార్త కాదు. యూదులు, అరబ్బులు కలిపిన సగటు కూడా పక్కన పెట్టి రెండు నిలువు వరసలు విడిగా చూడండి. ప్రశ్న వాక్యం దొరకబుచ్చుకోండి. "రెండు రాజ్యాల పరిష్కారాన్ని సమర్థిస్తారా" అంటే వచ్చే జవాబు ఒకటి, "అమెరికా హామీలతో, సైన్యం లేని పాలస్తీనా రాజ్యం" అంటే వచ్చేది ఇంకొకటి. ప్రశ్న ఇవ్వకుండా శాతం మాత్రమే ఇచ్చిన కథనం దగ్గర ఆగి, సర్వే చేసిన సంస్థ సొంత పట్టిక తెరవండి. అది హీబ్రూలో ఉన్నా అంకెలు అర్థమవుతాయి.