వాటర్ రాకెట్ ట్యాంకులో ఎంత పడుతుంది? లేబుల్‌ను కాదు, కాటాను అడగండి

కొంత నీళ్లు పోసి, గాలి నొక్కి నింపిన ప్లాస్టిక్ పానీయం సీసాయే వాటర్ రాకెట్. నీళ్లు వెనక్కి చిమ్ముతుంటే అది పైకి ఎగురుతుంది, ఆ సీసాయే దాని ట్యాంకు. రెండు లీటర్ల సీసాలో సరిగ్గా రెండు లీటర్లే పడతాయనేవాళ్లతో నేను వాదించను, చేతికి కాటా ఇస్తాను. లేబుల్ మీద ఉన్నది పోసిన పానీయం లెక్క. మూత కింద వదిలిన ఖాళీ అందులోకి రాదు, మనకేమో ఆ ఖాళీలో కూడా గాలి పడుతుంది. ఇక అడుగులు కోసి, ఒకదానిలో ఒకటి దూర్చి అతికించిన ట్యాంకులకు లేబుళ్ల అంకెలు కూడడం శుద్ధ దండగ.

నాజిల్‌తో (నీళ్లు బయటికి చిమ్మే మూతితో) సహా, ఎగిరేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే బిగించిన ట్యాంకును పొడిగా తూచండి. తర్వాత నీళ్లు నింపండి. కుళాయి నుంచి అప్పుడే పట్టిన నీళ్లు వద్దు. అందులో కరిగిన గాలి కాసేపటికి గోడలకు చిన్న చిన్న బుడగలై అంటుకుంటుంది. రాత్రంతా నిలవ ఉంచిన నీళ్లు మేలు. సగం నిండాక ట్యాంకును వంచి, అతుకుల దగ్గరా, అడుగున ఉన్న గుంటల దగ్గరా వేలితో తట్టండి. అక్కడ దాక్కున్న గాలి పైకి వస్తుంది. అంచు దాకా నింపాక నడుము దగ్గర పట్టుకోకండి. మెత్తటి ప్లాస్టిక్ కాస్త నొక్కుకుపోయినా నీళ్లు పొర్లి లెక్క చెడుతుంది. మెడ దగ్గరి రింగు పట్టుకుని ఎత్తండి. మూతి దగ్గర మాత్రం మరీ మథనపడనక్కరలేదు. మామూలు సీసా మూతిలో ఒక మిల్లీమీటరు ఎత్తు నీరంటే అర మిల్లీలీటరు కూడా ఉండదు.

నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే నీటి బరువు వస్తుంది. గ్రామును మిల్లీలీటరుగా తీసుకుంటే చాలామందికి సరిపోతుంది. నాలాంటి చాదస్తులు నీటి ఉష్ణోగ్రత కూడా చూస్తారు. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి సాంద్రత మిల్లీలీటరుకు 0.9957 గ్రాములు. అంటే 2090 గ్రాముల నీరు 2099 మిల్లీలీటర్లు. కాటా మోయలేనంత పెద్ద ట్యాంకైతే నీళ్లను బకెట్లోకి వంతులవారీగా వంచి తూచుకోండి.

లోపల తడవకూడని సామాను ఉంటే గాలితోనే కొలవవచ్చు. ఘనపరిమాణం తెలిసిన సీసాలో గాలి నింపి, కవాటం తెరిచి ఖాళీ ట్యాంకులోకి వదలండి. ఉష్ణోగ్రత కుదురుకునేదాకా ఆగి, బయటి గాలి కంటే పీడనం ఎంత ఎక్కువో చూపే గేజి చూడండి. రెండు లీటర్ల సీసాలో పీడనం 4 బార్ నుంచి 1.5 బార్‌కు దిగిందనుకోండి. తగ్గిన 2.5ను రెండుతో గుణించి, మిగిలిన 1.5తో భాగిస్తే 3.33 లీటర్లు. ట్యాంకు మొదట బయటి గాలి పీడనంలోనే ఉంది కాబట్టి గేజి అంకెలే చాలు. గొట్టం పొట్టిగా ఉండాలి, లేకపోతే అదీ లెక్కలో కలుస్తుంది.

పీడనం ఎక్కితే ట్యాంకు ఉబ్బుతుందని సిమ్యులేటర్‌లో (రాకెట్ ఎంత ఎత్తుకు ఎగురుతుందో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాంలో) అంకెలు నింపేటప్పుడు చాలామంది మరిచిపోతారు. పొడవు మారకుండా వ్యాసం 2 శాతం పెరిగితే ఘనపరిమాణం 4 శాతం పెరుగుతుంది. దీన్ని కొలవడానికి, ఒక్క బుడగ కూడా లేకుండా నీళ్లతో నింపిన ట్యాంకులోకి నీటి పంపుతో పీడనం ఎక్కించండి. తర్వాత పీడనం వదిలేటప్పుడు బయటికి వచ్చే నీళ్లను పట్టి తూచండి. ఆ బరువే ఉబ్బు. గాలితో నిండిన ట్యాంకు పగిలితే ముక్కలు ఎగిరిపడతాయి. నీళ్లతో నిండినదైతే చాలావరకు చీలి ఊరుకుంటుంది. అయినా కళ్లద్దాలు పెట్టుకుని, దూరంగానే ఉండండి.

ఆ పరీక్ష అయ్యాక ట్యాంకును మళ్లీ మొదటి పద్ధతిలో తూచండి. కొత్త ప్లాస్టిక్ మొదటిసారి కొద్దిగా సాగి ఆగితే పరవాలేదు. పరీక్షించిన ప్రతిసారీ అంకె పెరుగుతూ పోతుంటే మాత్రం ఆ ట్యాంకును నేనైతే లాంచర్ మీదికి ఎక్కించను.