మూడో పాఠం: సపోర్టింగ్ ఆర్గనైజేషన్‌కు మొదటి మెయిల్

కిందటి పాఠంలో యూరోపియన్ సాలిడారిటీ కోర్ (యువత వేరే దేశంలో వలంటీర్లుగా పనిచేసేందుకు యూరోపియన్ యూనియన్ నడిపే కార్యక్రమం) పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నాం. రిఫరెన్స్ నంబరు వచ్చింది కదా, దాన్ని జాగ్రత్తగా రాసి పెట్టుకోండి.

అక్కడికి వచ్చాక దాదాపు అందరూ అడిగేది ఒకటే: "ఫండింగ్ అప్లికేషన్ ఎక్కడ నింపాలి?" మీరు నింపక్కర్లేదు. గ్రాంటు వచ్చేది క్వాలిటీ లేబుల్ (ఈ కార్యక్రమంలో పాల్గొనే సంస్థలకు ఇచ్చే గుర్తింపు) ఉన్న సంస్థకు. వలంటీర్ల ప్రయాణం, బస, భోజనం, పాకెట్ మనీ అందులోంచే ఇస్తారు. ఇన్సూరెన్స్ కార్యక్రమం తరఫున విడిగా ఉంటుంది. కాబట్టి మన శ్రమంతా సరైన సంస్థను పట్టుకోవడంలోనే ఉంది. మీరు వెళ్లే దేశంలో పని ఇచ్చేది ఒక సంస్థ. మీరుండే దేశంలో మిమ్మల్ని సిద్ధం చేసి పంపేది సపోర్టింగ్ ఆర్గనైజేషన్. ముందు దీన్నే వెతకమంటాను, మీకు ఏ కష్టం వచ్చినా ఫోన్ చేయగలిగేది వీళ్లకే. ఎవరున్నారో తెలియకపోతే దగ్గర్లోని యూరోడెస్క్ (యువతకు ఇలాంటి అవకాశాల సమాచారం ఇచ్చే యూరప్ నెట్‌వర్క్) వాళ్లను అడగండి, ఉచితంగా చెబుతారు.

ఒక మాట. జర్మనీలోనో ఐర్లండ్‌లోనో చదువుకుంటున్న మన పిల్లలకూ 18 నుంచి 30 ఏళ్ల లోపు ఇది వర్తిస్తుంది. పౌరసత్వం అక్కర్లేదు, చట్టప్రకారం అక్కడ నివాసం ఉంటే చాలు. అయితే నెలల తరబడి వేరే దేశంలో ఉంటే మీ స్టూడెంట్ పర్మిట్‌కు ఇబ్బందేమో ముందే కనుక్కోండి. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లాలనుకునేవాళ్లకు దారి వేరు. జర్మనీ వారి వలంటీరు కార్యక్రమం వెల్ట్‌వెర్ట్స్ గురించి ఐదో పాఠంలో చూద్దాం.

ఇక మెయిల్. చాలామంది ఇలా రాస్తారు:

"రెస్పెక్టెడ్ సర్, మీ సంస్థలో పనిచేయాలని నాకు ఎంతో ఆసక్తి. దయచేసి అవకాశం ఇవ్వగలరు. సీవీ జతపరిచాను."

ఇదే మెయిల్ యాభై చోట్లకు పంపొచ్చు. చదివేవాళ్లకూ ఆ సంగతి తెలిసిపోతుంది. ఇప్పుడిది చూడండి:

"నేను లైప్‌జిగ్‌లో చదువుతున్నాను, వయసు 24. సెప్టెంబరు నుంచి ఆరు నెలలు ఖాళీ. పోర్చుగల్‌లో పిల్లల లైబ్రరీ ప్రాజెక్టు ఒకటి పోర్టల్‌లో చూశాను, లింకు కింద ఇచ్చాను. మా ఊళ్లో రెండు వేసవులు వీధి పిల్లలకు లెక్కలు చెప్పాను. పోర్చుగీసు రాదు. ఈ ప్రాజెక్టుకు మీరు నా సపోర్టింగ్ ఆర్గనైజేషన్‌గా ఉండగలరా? ఈ వారం పదిహేను నిమిషాలు మాట్లాడే వీలుందా?"

"పోర్చుగీసు రాదు" అన్న ముక్క కొట్టేయాలనిపిస్తుంది. ఉంచండి. భాష నేర్పే ఏర్పాటు ఈ కార్యక్రమంలోనే ఉంది. ఆరోగ్య సమస్యో, వైకల్యమో, ఇంట్లో డబ్బు ఇబ్బందో ఉంటే అదీ చెప్పండి. అలాంటివారికి అదనపు సాయం ఇచ్చే వీలుంది, కానీ సంస్థకు ముందే తెలిస్తేనే గ్రాంటులో అడగగలుగుతుంది. మనకు అలవాటైన మొహమాటం ఇక్కడ నిజంగా నష్టం చేస్తుంది.

స్థానం ఇప్పిస్తామని ఫీజు అడిగేవాళ్ల జోలికి వెళ్లకండి.

ఈ వారం పని: మీ మెయిల్ ఇంగ్లిష్‌లో రాసి, పైకి చదవండి. వేరే సంస్థకు మార్చకుండా పంపగలిగే ప్రతి వాక్యాన్నీ కొట్టేయండి. మిగిలింది రెండు వాక్యాలే అయితే, ప్రాజెక్టు వివరాలు మళ్లీ చదివి కూర్చోండి. వచ్చే పాఠంలో వీడియో ఇంటర్వ్యూ.