కొత్త ఊళ్లో మంచి టిఫిన్ బండి పట్టుకోవడం ఎలా

బస్టాండు ఎదురుగా ఉండే హోటళ్లకు వచ్చేవాళ్లలో చాలామంది మళ్లీ రారు. చట్నీ పలచబడినా, సాంబారు చల్లారినా అడిగేవాడుండడు. రోజూ అదే మనిషి వచ్చి తినే చోట వంటవాడికి ఆ వెసులుబాటు లేదు. అందుకే పేరు కన్నా రోజువారీ గిరాకీ చూడండి. కోర్టు, రైతుబజారు, పెద్దాసుపత్రి, మార్కెట్ యార్డు, వీటి వెనక సందుల్లో వెతికితే దొరుకుతుంది. బస్టాండు నుంచైతే కనీసం రెండు వీధులు లోపలికి నడవండి.

ఆటో అతన్ని "మంచి హోటల్ ఎక్కడన్నా?" అని అడిగితే ఏసీ హోటల్ ముందు దింపుతాడు. "పొద్దున మీరెక్కడ తింటారన్నా?" అని అడగండి. ఇద్దరు ముగ్గురు ఒకే బండి పేరు చెబితే ఇక ఆలోచించక్కర్లేదు. ఫోన్‌లో మ్యాప్ చూసేటప్పుడు స్టార్ రేటింగుల లెక్క వదిలేసి, కొత్త ఫోటోలు ముందు వచ్చేలా పెట్టుకోండి. ప్లేట్లో ఏముందో, వెనక ఎవరు నిలబడి తింటున్నారో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. అందులో వేసిన టైమింగులు నమ్మొద్దు. బండివాళ్లు పిండి అయిపోగానే కట్టేస్తారు.

టిఫిన్‌కి ఏడు నుంచి తొమ్మిది లోపు వెళ్లడం మంచిది. పదిన్నర దాటాక, ముఖ్యంగా ఎండాకాలంలో, కొబ్బరి చట్నీ జోలికి పోవద్దు. వేడికి అన్నిటికన్నా ముందు పులిసేది అదే. ఆలస్యమైతే అల్లం పచ్చడో, కారప్పొడీ నెయ్యో అడగండి. ఇడ్లీ హాట్‌బాక్సులోంచి తీస్తుంటే ఆగండి. ఆవిరి నీళ్లు పట్టి అడుగు చిత్తడిగా ఉంటుంది. "తర్వాతి వాయి ఎప్పుడు దించుతారు?" అని అడిగితే బండివాడే చెబుతాడు. ఐదు నిమిషాలు నిలబడటానికి బద్ధకించకండి.

ఆ ఐదు నిమిషాల్లో చూడాల్సినవి ఉన్నాయి. మొదట నూనె. నల్లబడి, జిగురుగా, గిన్నె అంచుల దాకా నురగ కడుతుంటే అది చాలాసార్లు కాగినది. నూనె పదే పదే కాగితే పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే మళ్లీ వాడకూడదని ఫుడ్ సేఫ్టీ నిబంధన. బండి దగ్గర కొలవలేం కాబట్టి రంగు, నురగ, వాసనే ఆధారం. తర్వాత ప్లేట్లు. ఒకే బకెట్ నీళ్లలో ముంచి తీస్తుంటే విస్తరాకులో పెట్టమనండి. ప్లేటు మీద పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి పొగలు కక్కే ఇడ్లీ వేస్తుంటే అదీ వద్దు. బజ్జీలు న్యూస్‌పేపర్లో కడితే సిరా నూనెలోకి దిగుతుంది. మామూలు తెల్ల కాగితం అడగండి.

మిరపకాయ బజ్జీ సంగతి కాస్త వేరు. సాయంత్రం నాలుగైదుకి మొదటి వాయి సగం వేయించి పక్కన పెట్టి, అడిగినప్పుడు ముక్కలు కోసి మళ్లీ వేయిస్తారు. కట్ మిర్చి పద్ధతే అది, తప్పు పట్టక్కర్లేదు. మధ్యాహ్నం వేయించి ఆరబెట్టినవైతేనే చిక్కు. ఒక్కటే కొని కాగితంలో నొక్కండి. నూనె కారుతుంటే పిండిలో సోడా ఎక్కువైందనో, మూకుడు సరిగ్గా కాగలేదనో అర్థం. రెండోది తీసుకోకండి.

ఊరిని బట్టి అడగాల్సినదీ మారుతుంది. కర్నూలు, అనంతపురం వైపు పొద్దున ఉగ్గాణి (బొరుగుల ఉప్మా), బజ్జీ కలిపి తినాలి. అక్కడికెళ్లి పెసరట్టు అడిగితే దొరకొచ్చు గానీ, చేసే చెయ్యి మాత్రం కోస్తాలోనే ఉంది. అంబాజీపేటలో పొట్టిక్కలు అడగండి. పనసాకు దొప్పలో ఉడికిన ఇడ్లీ అది, ఆకు వాసన పట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో దోశ కావాలంటే గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండికి పొద్దున్నే వెళ్లాలి. పాతబస్తీలో నహారీ (మాంసం పులుసు), పాయా (కాళ్ల పులుసు) తినాలంటే తెల్లవారుజామునే లేవాలి. విశాఖ బీచ్‌లో సాయంత్రం మూరీ మిక్చర్ (మరమరాల మిక్చర్) తినొచ్చు. దాంట్లో ఉల్లిపాయ అప్పుడే తరిగితేనే కలపమనండి.

ఎక్కడైనా మొదట ఒక్క ప్లేటు చెప్పి ఇద్దరూ పంచుకోండి. నచ్చితే రెండోది చెప్పొచ్చు, లేదంటే పక్క బండికి కడుపులో చోటుంటుంది. పానీపూరీ పుదీనా నీళ్లలో ఐసు తేలుతుంటే వదిలేయండి, ఆ ఐసు ఏ నీళ్లదో మనకు తెలియదు.

మెస్సుల్లో భోజనానికి పన్నెండున్నర, ఒంటిగంట మధ్య కూర్చోండి. రెండు దాటితే సాంబారులో నీళ్లు పడతాయి. కాకినాడ, నెల్లూరు లాంటి చోట "ఈ పూట ఏ చేప వచ్చింది?" అని అడిగి, ఫ్రై అయితే ఆ పూట వచ్చిన చేపదే తినండి. పులుసు మాత్రం నిన్నటిదైనా వెనకాడకండి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున బాగా మరగబెట్టి ఉంటే చాలు. చింతపండు పులుపు ముక్కకు పట్టి ఇంకా రుచిగా ఉంటుంది.